జెబెదయి ఆ రాత్రి ఏం తిన్నాడు?



పోయిన నెల ఒక రాత్రి దుబాయి నుంచి ఫోను వచ్చింది. మన సండేస్కూల్లో పెరిగిన అబ్బాయే. అక్కడ ఏసీ మెకానిక్. క్షేమ సమాచారాలు అయ్యాక అసలు సంగతి చెప్పాడు. "అయ్యగారూ, మా నాయిన మీ మాట ఇంటడు. ఆ పుట్టి అమ్మేయమని జెర చెప్పుండ్రి. మేం పైసలు పంపుతనే ఉన్నం గదా. అరవై నాలుగేండ్లకు నీళ్ల మీద ఏం పని?"

చెప్తానన్నాను. మాట ఇచ్చాను కూడా. ఇప్పుడా మాట తప్పుతున్నాను. ఎందుకు తప్పుతున్నానో ఆ అబ్బాయికి ఫోనులో ఒక గంట చెప్పాను. ఇలాంటి ఫోన్లు చేసే పిల్లలు, ఇలాంటి ఫోన్లు అందుకునే తల్లిదండ్రులు మన సంఘంలో ఇంకా ఉన్నారు కాబట్టి మీకూ రాస్తున్నాను. ఆ ఇంటివాళ్లు ఒప్పుకున్నాకే రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయను. అయినా మీలో చాలామంది గుర్తుపడతారు, మన ఊళ్లో ఆలుమగలిద్దరూ కలిసి చెరువులోకి పోయే ఇళ్లు ఎన్నున్నాయి గనుక.

పట్నంలో పుట్టిన మన మనవలు, మనవరాళ్ల కోసం ఒక మాట. పుట్టి అంటే గుండ్రటి పడవ. పెద్ద వెదురు గంప అనుకోండి. వెదురు బద్దలు అల్లి, మీద షీటు కప్పి, దానికి డాంబర్ పూస్తారు. పాతకాలంలో షీటు బదులు తోలు ఉండేది. ముందూ వెనకా ఉండవు. తెడ్డు ఒక్కటే. వేయడం రానివాడు వేస్తే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. నేను ఇరవై నిమిషాలు తిప్పాను, ఆ పెద్దాయన నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకున్నాడు.

అవును, నేనూ ఎక్కాను. నచ్చజెప్పడానికి పోయిన మనిషిని, ఇంటికి పోయి కుర్చీలో కూర్చొని చెప్తే వినడని, తెల్లవారుజామున గండిపేట ఒడ్డుకే పోయాను. సర్కారు కాగితాల్లో ఉస్మాన్ సాగర్ అయినా మనకు గండిపేటే. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి పట్నాన్ని ముంచి వేలమందిని పొట్టన పెట్టుకున్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఆలోచనతో కట్టిన రెండు జలాశయాల్లో ఇది మొదటిది. మూసీ మీద ఇది 1920లో పూర్తయింది, ఈసా వాగు మీద హిమాయత్ సాగర్ 1927లో. ఒకదానికి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ పేరు, రెండోదానికి ఆయన పెద్దకొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు. తండ్రి చెరువు, కొడుకు చెరువు. చివరికి ఆ నిజాం తన వారసత్వాన్ని ఈ కొడుకుకు ఇవ్వలేదు, మనవడికి ఇచ్చాడు. చెరువుకు పేరు పెట్టడం వేరు, కొడుకుతో కుదరడం వేరు. ఆ రెండు చెరువుల కిందుగా పారే నీళ్లు మాత్రం లంగర్ హౌస్ దగ్గర బాపూ ఘాట్ పక్కన కలుసుకుంటాయి. ఉర్దూలో మూసా అంటే మోషే, ఈసా అంటే యేసు. ఆ పేర్లు ఎలా వచ్చాయన్న వాదనకు నేను పోను గానీ, పాస్టరు చెవికి ఇంపుగా ఉండే సంగతి కదా అని రాశాను.

పుట్టిలో పని ఇద్దరిది. సాయంత్రం వేసిన వలను తెల్లారకముందే ఎత్తాలి. ఆమె తెడ్డు పట్టుకుని పుట్టిని కదలకుండా నిలబెడుతుంది, ఆయన బెండ్ల తాడు పట్టుకుని వల లాగుతాడు. వల బరువు ఒకవైపు పడగానే ఆమె రెండోవైపు ఒరుగుతుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు. ముప్పై ఎనిమిదేళ్లుగా అలా ఒరుగుతున్నారు. ఆ రోజు నేను ఎక్కడంతో లెక్క తప్పింది. "అయ్యగారూ, మీరు నడుమ కూసోండ్రి, ప్రార్థన చేసుకోండ్రి" అన్నది ఆమె. పడింది నాలుగు కిలోలకు తక్కువే. రెండు బొచ్చెలు, మిగతావి జిలేబీలు, ఒక చిన్న కొర్రమట్ట. కొర్రమట్టను మాత్రం ఆయన విడిగా తడిగుడ్డలో చుట్టాడు. అది అమ్మకానికి కాదట, బిడ్డ వస్తే వండడానికి. బిడ్డను చేవెళ్ల దగ్గరి ఊరికి ఇచ్చారు. "ఈరోజు వస్తుందా?" అన్నాను. "ఏమో" అన్నాడు.

ఎండ ఎక్కకముందే ఆమె మొయినాబాద్ చౌరస్తాకు గంప తీసుకుపోయింది. ఆయన నన్ను ఇంటికి తీసుకుపోయాడు. నేను చెప్పాలనుకున్న మాట అప్పటికింకా నా నోట్లోనే ఉంది.

ఆ ఇంటి సంగతి ఇప్పుడు చెప్పాలి. కింద పాత రేకుల ఇల్లు, పక్కన కొత్తగా పిల్లర్లు లేపి పైన ఒక అర్ర. పెద్దకొడుకు పైసలతో మూడేళ్లుగా సాగుతున్న పని అది. మొదటి ఏడు స్లాబ్, రెండో ఏడు గిలాబు, మూడో ఏడు టైల్సు, ఇనుప గ్రిల్లు, అటాచ్డ్ బాత్రూము. బాత్రూములో కుర్చీలా కూర్చునే కమోడ్. సుతారి రాకపోతే ఈయనే సిమెంటు కలిపాడు, ఆమె ఇటుకలు మోసింది. ఎంత బాగా కట్టారని! కిటికీ తెరిస్తే చెట్ల సందున నీళ్లు కనబడతాయి. తాళం తీసి చూపించాడు. ప్రతి శనివారం ఆమె ఊడ్చి, తుడిచి, మళ్లీ తాళం వేస్తుంది. మంచం మీద పరుపుకు ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఆ మంచం మీద ఇప్పటిదాకా ఎవరూ పడుకోలేదు.

ఆలుమగలు కింద రేకుల కిందే పడుకుంటున్నారు. ఆయన మోకాళ్లు అరిగాయి, కింద కూర్చుంటే లేవలేడు. ఆ ఇంట్లో కమోడ్ అవసరమైనది ఒక్క ఆయనకే. అది పదిహేను మెట్ల పైన ఉంది. ఆయన మాత్రం రోజూ పెరట్లోకే పోతున్నాడు.

బిడ్డలారా, తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. పైసలు పంపిన కొడుకు ప్రేమతోనే పంపాడు. ఎండలో, రెండేళ్లకొకసారి దొరికే సెలవు కోసం కాచుకుని సంపాదించిన పైసలు అవి. కానీ కింద ఒక బాత్రూము కట్టడానికి పై అర్రకు అయిన ఖర్చులో చిన్న పాలు చాలు. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే ఆ కట్టడం అక్కడుండే ఇద్దరి కోసం కాదు, ఎప్పుడో వచ్చే నలుగురి కోసం. మన ఊళ్లలో ఇప్పుడు కడుతున్న చాలా ఇళ్లు ఇలాంటివే. నేను ప్రతిష్ఠ ప్రార్థన చేసిన కొత్త ఇళ్లను మనసులో లెక్కపెట్టుకున్నాను. సగానికి పైగా తాళాలే ఉన్నాయి.

వీడియో కాల్‌లో ఆ అబ్బాయి పై గ్రిల్లు మీద ఆరేసిన వల చూసి, "నాయినా, తీసెయ్, మంచిగ కొడ్తలేదు" అన్నాడట. పెద్దాయన ఈ సంగతి చెప్తూ నవ్వాడు. వల మాత్రం అక్కడే ఉంది.

ఇంతలో ఆమె గంప ఖాళీ చేసుకుని వచ్చింది. నేను గొంతు సవరించుకుని, "అమ్మా, పిల్లలు ఫోను చేశారు, పుట్టి సంగతి…" అన్నాను. ఆమె కత్తిపీట ముందు కూర్చుని, తల ఎత్తకుండానే, "అయ్యగారూ, ఒక్కటడుగుతా. జెబెదయి ఆ రాత్రి ఏం తిన్నడు?" అన్నది.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమై సిగ్గేసింది. ఏడెనిమిదేళ్ల క్రితం యవనస్థుల కూడికలో నేను చెప్పిన ప్రసంగం అది. గలిలయ ఒడ్డున యేసు పిలవగానే యాకోబు, యోహాను తండ్రిని దోనెలోనే విడిచి వెంబడించారు, మీరూ మీ దోనెలు విడవండి, చిన్న చెరువులోనే తిరుగుతూ ఉండిపోకండి అని మహా ఆవేశంగా చెప్పాను. ఆ రోజు ఆమె పెద్దకొడుకు ముందు వరుసలో ఉన్నాడు. తర్వాత ఆరు నెలలకు పాస్‌పోర్టు తెచ్చుకుని నా దగ్గర ప్రార్థన చేయించుకుని పోయాడు. అతను పోవడానికి నా ప్రసంగమే కారణమని నేననుకోను, ఇంటి మీద అప్పు ఉండె. కానీ ఆమె ఆ ప్రసంగం మరిచిపోలేదు. పిలిచినవాడి గురించి, పోయినవాళ్ల గురించి గంటసేపు చెప్పి, దోనెలో మిగిలినవాడి గురించి నేను ఒక్క మాట చెప్పలేదని ఆమెకు ఇన్నేళ్లూ గుర్తుంది.

"ఆయనకు జీతగాండ్లన్న ఉండిరి. మాకు గది గూడ లేదు" అన్నది మళ్లీ.

నిజమే. జీతగాళ్ల సంగతి మార్కు ఒక్కడే రాశాడు, మత్తయి రాయలేదు. నేను సెమినరీలో దాని మీద పరీక్ష కూడా రాసినట్టు గుర్తు. ఆ జీతగాళ్లు ఉండడం వల్ల జెబెదయి మరీ పేదవాడు కాడని మా అధ్యాపకులు చెప్పారు. ఆ రాత్రి ఇంటికి పోయి భార్యకు ఏం చెప్పాడో, పొద్దున్నే తెగిన వల ఎవరు కుట్టారో మాత్రం ఎవరూ అడగలేదు. బైబిలు ఆయన్ను మళ్లీ దోనె ఎక్కించి చూపించదు, కొడుకుల పేర్ల ముందే ఆయన పేరు వినబడుతుంది.

ఇంటికి వచ్చాక మార్కు మొదటి అధ్యాయం మళ్లీ చదివాను. ఇరవయ్యో వచనంలో కొడుకులు దోనె దిగి పోయారు. సరే. ఇరవై తొమ్మిదో వచనానికి వచ్చేసరికి అదే యాకోబు, అదే యోహాను ఎక్కడున్నారు? అదే ఒడ్డున కపెర్నహూములో, పేతురు అత్త జ్వరంతో పడుకున్న ఇంట్లో ఉన్నారు. తొమ్మిది వచనాలు కూడా దాటలేదు. పిలిచినవాడే వాళ్లను వెంటబెట్టుకుని పోయినది ఒక ముసలామె మంచం దగ్గరికి. ఇంకా ముందుకు పోతే ఏడో అధ్యాయంలో ఆయన పరిసయ్యులను గట్టిగా అడిగినది కూడా ఇదే. తల్లిదండ్రులకు పెట్టాల్సింది దేవునికి అర్పించేశామని చెప్పి చేయి దులుపుకునే ఆచారాన్ని ఆయన ఎంతమాత్రం ఒప్పుకోలేదు. సిలువ మీద ప్రాణం పోతుండగా కూడా తన తల్లిని ఒక శిష్యుడికి అప్పగించాడు. దోనె విడవమన్నవాడు తల్లిదండ్రులను మరిచిపొమ్మని ఎక్కడా అనలేదు. ఆ రెండో సగం చెప్పకుండా నేను మొదటి సగమే ఇన్నేళ్లు చెప్పాను.

ఇందులో నా స్వంత సంగతి కూడా ఉంది. నేను సెమినరీకి పోయిన ఏడు మా నాన్న చేవెళ్ల దగ్గర మాకున్న రెండెకరాల్లో బీర పందిరి సగం తీసేశాడు. తీగలు కట్టడానికి ఇద్దరు కావాలి, ఒకడే మిగిలాడు. సెలవులకు వచ్చి, "ఎందుకు తీసేశావు నాన్నా?" అని అడిగాను. "బీరకు రేటు లేదు బిడ్డా" అన్నాడు. నేను నమ్మాను. ఆ ఏడు బీరకు రేటు బాగానే ఉండిందని ఆయన పోయాక మా చిన్నాయన చెప్పాడు.

మన చిల్కూరులో ఉన్నవాళ్లకు ఈ సంగతి రోజూ కళ్ల ముందే ఉంది. మన ఊరి బాలాజీ గుడికి దేశం నలుమూలల నుంచి పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు వస్తారు. వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు, వచ్చాక నూట ఎనిమిది. వాళ్ల నమ్మకం వాళ్లది, దాని మీద వ్యాఖ్యానించడం నా పని కాదు. నేను చూసేది తల్లుల ముఖాలు. కొడుకుకు ఒక గొప్ప చోటు దొరకాలని ఆరాటపడే ఆ ముఖం నాకు తెలుసు. జెబెదయి భార్య కూడా కొడుకులిద్దరినీ వెంటబెట్టుకుని యేసు దగ్గరికి వచ్చి ఒకడికి కుడివైపు, ఒకడికి ఎడమవైపు చోటు అడిగింది. అడిగిన ఆ తల్లే చివరికి సిలువ దగ్గర దూరంగా నిలబడి ఉంది. మన ప్రార్థనా మందిరంలో మాత్రం తక్కువా? శుక్రవారం ఉపవాస కూడికలో నాకు వచ్చే చీటీల్లో పాస్‌పోర్టు, వీసా, గల్ఫు, బెంగళూరు ఉద్యోగం, ఇవే. ఇన్నేళ్ల పరిచర్యలో 'మా కొడుకు తిరిగి రావాలి' అన్న చీటీ నాకు మూడో నాలుగో వచ్చాయి. మిగతావాళ్లకు రావాలని లేక కాదు. రాసి అడగడానికి మొహమాటం. గండిపేట నీళ్లు తాగినోడు హైదరాబాద్ విడిచిపోడని పెద్దలు అనేవారు. ఒడ్డున పుట్టినోళ్లే ముందు పోతున్నారు.

ఇప్పుడు పిల్లల వైపు మాట కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. పుట్టి ప్రమాదమే. గాలి వస్తే గండిపేటలో అల లేస్తుంది, పుట్టికి ముక్కు లేదు కాబట్టి అలను కోసుకుపోలేదు. పోయిన వానాకాలం ఈయన ఒకసారి కాలు జారి నీళ్లలో పడితే, ఆమె తెడ్డు అందించి లాగింది. ఈ సంగతి పిల్లలకు చెప్పలేదు. నేను ఫోనులో చెప్పాను, ఆయన కోపం తెచ్చుకున్నాడు, పడ్డాను. అందుకని నేను ఆయన ముందు మూడు షరతులు పెట్టాను. లైఫ్ జాకెట్ లేకుండా ఇద్దరూ పుట్టి ఎక్కకూడదు. మబ్బు పట్టిన రోజు, గేట్లు ఎత్తుతారన్న రోజు ఒడ్డునే ఉండాలి. ఫోను కవరులో కట్టి మెడలో వేసుకోవాలి. జాకెట్ వేసుకుంటే వల లాగరాదని ఆయన గొణిగాడు. ఆమె, "ఏసుకుంటడు తియ్" అన్నది. అక్కడితో అది తేలిపోయింది.

అయినా 'అమ్మేయండి' అని నేను ఎందుకు చెప్పనంటే, పుట్టి పోతే ఆయన దగ్గర మిగిలేది ఆ తాళం గుత్తి ఒక్కటే. పొద్దున నాలుగింటికి లేవడానికి కారణం, ఆలుమగలు మాట్లాడుకోకుండా మాట్లాడుకునే చోటు, మత్స్యకార సంఘంలో పేరు, చౌరస్తాలో ఆమె కోసం ఎదురుచూసే నలుగురు, ఇవన్నీ ఆ గంపలోనే ఉన్నాయి. కొడుకు పంపే పైసలు బియ్యం తెస్తాయి. ఆ పైసలతో బతుకుతున్నామని ఇద్దరూ అంటారు కూడా, దాచుకోరు. కానీ కొర్రమట్టను తడిగుడ్డలో చుట్టి బిడ్డ కోసం దాచడం పంపిన పైసలతో రాదు.

ఆ బిడ్డ గురించి ఒక మాట. ముగ్గురిలో నెలకు రెండుసార్లు వచ్చి తల్లి మోకాళ్లకు నూనె రాసేది, తండ్రిని దవాఖానకు తీసుకుపోయేది ఆమే. చిన్నకొడుకు గచ్చిబౌలిలో పని చేస్తాడు, అతను వచ్చి రెండు నెలలైంది. పట్టుమని గంట దూరం లేదు. ఇంటి కాగితాల మాట వచ్చినప్పుడు మాత్రం కొడుకుల పేర్లే వినబడ్డాయి. మన చుట్టూ 84 ఊళ్లలో కట్టడాలకు హద్దు పెట్టిన 1996 నాటి 111 జీవోను 2022లో సడలించినప్పటి నుంచి కార్లలో వచ్చి గజం ఎంతకు ఇస్తారని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు కాబట్టి కాగితాల మాట ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ వస్తోంది. ఆడబిడ్డను లెక్కలోకి తీసుకోకుండా సంతకాలు పెట్టించే ఇంటికి నన్ను ప్రార్థనకు పిలవవద్దు. ఈ మాట ముందే చెప్పి ఉంచుతున్నాను.

1986లో గలిలయ సముద్రంలో కరువుకు నీళ్లు తగ్గినప్పుడు ఒడ్డు బురదలో ఒక పాత దోనె బయటపడింది. కనిపెట్టింది ఇద్దరు అన్నదమ్ములు, వాళ్లూ చేపలు పట్టేవాళ్లే. యేసు కాలం నాటిదని పండితులు తేల్చారు. ఎనిమిది మీటర్లకు పైగా పొడవు. దాన్ని చూసినవాళ్లను అన్నింటికంటే ఆశ్చర్యపరిచింది అందులో పదికి పైగా రకాల కర్ర ఉండడం. పాడైన చోటల్లా చేతికి దొరికిన చెక్కతో అతుకు వేసుకుంటూ ఎన్నో ఏళ్లు నడిపారు. ఆ ఫోటో ఫోనులో చూపిస్తే మన పెద్దాయన చాలాసేపు చూసి, "మనసొంటోళ్లే" అన్నాడు. ఆయన పుట్టికి ఈ ఏడు తొమ్మిది అతుకులున్నాయి, నేను లెక్కపెట్టాను.

దుబాయి అబ్బాయికి నేను చివరికి చెప్పింది ఇది. పై అర్రకు ఇక ఒక్క రూపాయి పంపకు. కింద, మెట్లు లేనిచోట, పట్టుకుని లేవడానికి గోడకు ఇనుప కడ్డీ ఉన్న బాత్రూము కట్టించు, సుతారితో నేను మాట్లాడతాను. నీ సెలవు వానాకాలానికి ముందు పెట్టుకో. వానలకు ముందే పుట్టికి డాంబర్ పూయాలి. బోర్లించి, ఒకరు పట్టుకుంటే ఒకరు పూయాలి. అది ముసలామె పట్టుకునే బరువు కాదు. అతను కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "చిన్నప్పుడు నేనే పట్టుకుంటుండె అయ్యగారూ" అన్నాడు. ఈ ఏడు సెలవు దొరకదట, వచ్చే ఏడుకు రాసి పెట్టాడట. చిన్నవాడికి తానే ఫోను చేస్తానన్నాడు, చేశాడు కూడా.

అందుకని మే నెల మూడో శనివారం పొద్దున ఆరింటికి ఆ ఇంటి ముందు పని పెట్టుకున్నాం. చిన్నవాడు వస్తున్నాడు. డాంబర్ డబ్బా నేను తెచ్చి మందిరం వెనక పెట్టాను. మన యవనస్థుల్లో ఇద్దరు కావాలి, పాత బట్టలు వేసుకుని రండి, చేతులకు అంటిన డాంబర్ పోవడానికి కిరసనాయిలు సీసా ఒకటి ఎవరైనా పట్టుకురండి. అన్నం ఆ ఇంట్లోనే. పై అర్ర తాళం తీసి, పరుపు మీది కవరు తీయిస్తానని ఆమె నాకు మాటిచ్చింది, పని అయ్యాక అందరం అక్కడే కూర్చుని తింటాం.